ల్యాప్‌టాప్ పూర్తిగా డెడ్. షాపులో ‘మదర్‌బోర్డ్ పోయింది, 14,500’ అంటున్నారు. ముందు ఇంట్లో ఏం చెక్ చేయాలి?

బెజవాడ_బెంచి (ప్రశ్న)

నమస్తే అండి. 15 అంగుళాల ల్యాప్‌టాప్, 11వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎం.2 ఎస్‌ఎస్‌డీ. 2021లో కొన్నది, వారంటీ అయిపోయింది. ఛార్జర్ 65 వాట్లు, గుండ్రటి పిన్ను, లోపల మధ్యలో సన్నటి సూది ఉంటుంది.

మొన్న సాయంత్రం కరెంటు వెంటవెంటనే రెండు మూడు సార్లు పోయి వచ్చింది. అప్పుడు ఛార్జర్ పెట్టే ఉంది. అప్పట్నుంచి పవర్ బటన్ నొక్కినా చలనం లేదు. ఛార్జింగ్ లైటు వెలగదు, ఫ్యాన్ తిరగదు, క్యాప్స్ లాక్ లైటు కూడా రాదు. నీళ్ళూ టీ లాంటివేమీ పడలేదు, కింద పడలేదు.

దగ్గర్లో ఒక షాపులో చూపించాను. వేరే ఛార్జర్ పెట్టి చూసి, మూత కూడా తీయకుండానే ‘మదర్‌బోర్డ్ పోయింది, కొత్త బోర్డు వేస్తే 14,500, పది రోజులు పడుతుంది, డేటాకి గ్యారంటీ లేదు’ అన్నారు. తిరిగి తెచ్చేసుకున్నాను.

నా దగ్గర చిన్న డిజిటల్ మల్టీమీటర్, స్క్రూడ్రైవర్ సెట్ ఉన్నాయి. మూత తీయడం వచ్చు, సోల్డరింగ్ రాదు. ఏ వరసలో చూసుకుంటూ వెళ్ళాలి? ఎక్కడ ఆగిపోవాలి? ఎస్‌ఎస్‌డీలో ప్రాజెక్టు ఫైళ్ళున్నాయి, అవి మాత్రం తప్పనిసరిగా కావాలి.


చిప్‌లెవల్_సికింద్రాబాద్

‘మదర్‌బోర్డ్ పోయింది’ అంటే డాక్టరు ‘ఒంట్లో బాగాలేదు’ అని చెప్పి ఫీజు అడిగినట్టు. ఏ లైన్లో పవర్ ఆగింది, ఏ పార్టు పోయింది అన్నది చెప్పాలి. మూత తీయకుండా అది చెప్పడం ఎవరి వల్లా కాదు. మీ దగ్గర మీటర్ ఉంది కాబట్టి సగం సంగతి మీరే తేల్చుకోవచ్చు.

మొదట ఖర్చులేని పని. ఛార్జర్ తీసేసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు ఆపకుండా నొక్కి పట్టుకుని వదలండి. తర్వాత ఛార్జర్ పెట్టి మామూలుగా ఆన్ చేయండి. లెనోవో మోడళ్ళు కొన్నింటికి అడుగున పేపర్ క్లిప్పు దూరేంత రీసెట్ రంధ్రం ఉంటుంది, దాన్ని నొక్కినా ఇదే పని జరుగుతుంది. కరెంటు వచ్చీపోయీ ఆడినప్పుడు బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిప్పు బిగుసుకుపోతుంటుంది. పవర్ బటన్, ఛార్జింగ్ లైటు, ఫ్యాన్, కీబోర్డు అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. కెపాసిటర్లలో మిగిలిన ఛార్జి కూడా పోతేగానీ అది మళ్ళీ మొదటి నుంచి లేవదు. బ్యాటరీ లోపల ఉన్న మోడళ్ళలో బ్యాటరీ కనెక్టర్ పీకి, అప్పుడు 30 సెకన్లు నొక్కితేనే పూర్తిగా ఖాళీ అవుతుంది. మీకు చెప్పిన లక్షణాలకి ముందు చేయాల్సింది ఇదే.

తర్వాత ఛార్జర్. మీటర్‌ని డీసీ 200 వోల్టుల రేంజిలో పెట్టండి. ఎర్ర ప్రోబ్ గొట్టం లోపలి గోడకి, నల్లది బయటి గోడకి. 19 నుంచి 20 మధ్య రావాలి. మధ్యలో ఉన్న సూది పవర్ కోసం కాదు, ఛార్జర్ ఎన్ని వాట్లదో బోర్డుకి చెప్పే ఐడీ లైను. ప్రోబ్ మొనతో లోపలి గోడనీ సూదినీ కలిపి తాకించారంటే ఆ ఐడీ చిప్పు కాలిపోతుంది. అప్పుడు వోల్టేజి బాగానే వస్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు, ప్రాసెసర్ స్పీడు పడిపోతుంది. డెల్ వాటిలో ‘ఏసీ అడాప్టర్ టైప్ తెలియడం లేదు’ అనే అర్థంలో మెసేజి వస్తుంది. అందుకే నెమ్మదిగా కొలవండి.

ఇక అసలైన పరీక్ష. మీ ఛార్జర్‌కి లైటు ఉంటే, దాన్నే చూస్తూ పిన్నుని ల్యాప్‌టాప్‌లో పెట్టండి. పెట్టగానే లైటు ఆరిపోయి, తీశాక మళ్ళీ వెలిగితే (కొన్నింటికి గోడ దగ్గర ప్లగ్గు తీసి ఒక నిమిషం ఆగి పెట్టాల్సి వస్తుంది) ల్యాప్‌టాప్ వైపు ఎక్కడో షార్ట్ ఉందని అర్థం. లైటు చెక్కుచెదరకుండా వెలుగుతూ ఉంటే ఇన్‌పుట్‌లో గట్టి షార్ట్ లేదు, సమస్య లోపలికి ఉంది.

ఇప్పుడు మూత. చాలా మోడళ్ళకి పీహెచ్0 లేదా పీహెచ్00 బిట్టు సరిపోతుంది. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే పైన చేతులు ఆనే ప్లేటు ఉబ్బుతుంది, ఒక్కోసారి బోర్డు ట్రాకే (కరెంటు పారే రాగి గీత) తెగుతుంది. ఒక కాగితం మీద అడుగుభాగం బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. కొన్ని స్క్రూలు మూతలోనే ఉండిపోతాయి, బయటికి రాలేదని లాగకండి. పాత ఏటీఎం కార్డుతో హింజెస్ వైపు నుంచి లాక్కుంటూ వస్తే క్లిప్పులు విరగవు.

తెరవగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ తీయడం. అది తీయకుండా లోపల ఇంకేదీ ముట్టుకోవద్దు. బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంటే దాని మీద ఒత్తడం, గుచ్చడం, అంటించి ఉన్నదాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకిలించడం చేయకండి. ఉబ్బకపోతే, కనెక్టర్ తీసి ఉంచే ఛార్జర్ ఒక్కదాని మీద ఆన్ చేసి చూడండి. అలా ఆన్ అయితే గొడవ బ్యాటరీది లేదా బ్యాటరీ లైనుది, బోర్డు బతికే ఉంది.

తర్వాత పవర్ జాక్. చాలా ల్యాప్‌టాప్‌లలో జాక్ బోర్డుకి సోల్డర్ చేసి ఉండదు, చిన్న వైరుతో కనెక్టర్‌కి వస్తుంది. వైరు బోర్డు నుంచి పీకి, జాక్‌కి ఛార్జర్ పెట్టి, ఆ వైరు చివర కొలవండి. అక్కడ 19 వోల్టులు రాకపోతే మారాల్సింది ఆ జాక్ కేబుల్ ఒక్కటే. సోల్డరింగ్ కూడా అక్కర్లేదు. జాక్ లోపల గోధుమ రంగు, ప్లాస్టిక్ కరిగిన గుర్తులు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి.

ర్యామ్ తీసి పెట్టమని చాలామంది చెప్తారు. ఒక్క లైటు కూడా వెలగని చోట ర్యామ్ వల్ల ఫలితం ఉండదు. ర్యామ్ పాడైతే లైటు వస్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం రాదు. ఆ వంతు తర్వాత.

ఈ కొలతలు తీసి ఇక్కడ రాయండి.


గోదారి_టెక్

పైవారు చెప్పింది ఏ లైటూ రాని కేసుకి. ఇది చదివేవాళ్ళలో కొందరికి లైటు వచ్చి బ్లింక్ అవుతుంటుంది. వాళ్ళ కోసం రెండు ముక్కలు.

డెల్‌లో ఆ లైటు ముందు నారింజ రంగులో కొన్నిసార్లు, ఆగి, తెల్లగా కొన్నిసార్లు కొడుతుంది. చాలా మోడళ్ళలో 2-1 (నారింజ రెండు, తెలుపు ఒకటి) అంటే ప్రాసెసర్, 2-2 అంటే బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే, బోర్డు మీది ప్రోగ్రాం), 2-3 అంటే ర్యామ్ కనబడలేదు, 2-4 అంటే ర్యామ్ ఫెయిల్, 2-7 అంటే డిస్‌ప్లే, 3-1 అంటే నాణెం బ్యాటరీ. హెచ్‌పీలో క్యాప్స్ లాక్ లైటు కొడుతుంది, దాని లెక్క మోడల్‌ని బట్టి మారుతుంది. ఆ మోడల్ సర్వీసు మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకుని చూడాలి. ఈ కంపెనీలు మాన్యువల్స్‌ని తమ సైట్లలో ఉచితంగానే పెడతాయి, మూత తీసే వరసా అందులోనే ఉంటుంది.

2-3, 2-4 కొడితే ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి తుడిచి, ఏటవాలుగా గుచ్చి, రెండు పక్కలా క్లిప్పులు టక్కున పడేదాకా కిందికి వంచండి. రెండు స్లాట్లుంటే ఒక్కో స్టిక్కుని ఒక్కో స్లాట్‌లో మార్చి మార్చి చూడాలి. ర్యామ్ స్టిక్కు బాగుండి స్లాటే పోయిన కేసులు తక్కువేమీ కాదు. 3-1 అయితే సీఆర్2032 నాణెం బ్యాటరీ కొలవండి, 3 వోల్టుల దగ్గర ఉండాలి.

బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయిన కేసుకి వేరే దారి ఉంది. హెచ్‌పీలో విండోస్ కీ, బీ కలిపి నొక్కి పట్టుకుని పవర్ నొక్కాలి. డెల్‌లో కంట్రోల్, ఎస్కేప్ నొక్కి పట్టుకుని ఛార్జర్ పెట్టాలి. బయోస్ మరీ చెడిపోకపోతే రికవరీ స్క్రీన్ వస్తుంది.


కరీంనగర్_సిసాడ్మిన్

డేటా ముచ్చట చెప్త. బ్యాటరీ కనెక్టర్ తీసినంక ఎస్‌ఎస్‌డీ తీసి మీ దగ్గర పెట్టుకోండి, ఒక్క స్క్రూ అంతే. ఏ షాపుకి ఇచ్చినా ఎస్‌ఎస్‌డీ లేకుండనే ఇయ్యాలె. బోర్డు రిపేరుకి దానితోటి పనే లేదు. బయోస్ స్క్రీన్ వచ్చిందంటే వాళ్ళ పని అయినట్టే.

ఎస్‌ఎస్‌డీని వేరే కంప్యూటర్‌కి పెట్టి చదవాలంటే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ (ఎస్‌ఎస్‌డీని పెట్టే చిన్న డబ్బా) కావాలె. కొనేముందు స్టిక్కర్ చదవండి. ఎన్‌వీఎంఈ అని ఉంటే ఎన్‌వీఎంఈ ఎన్‌క్లోజరే, సాటా అని ఉంటే సాటా దే. ఎం.2 అని రెండూ ఒక్క తీరుగనే కనబడ్తయి. సాటా వాటికి కాళ్ళ వరసలో మామూలుగా రెండు కోతలు ఉంటయి, ఎన్‌వీఎంఈ వాటికి ఎక్కువగా ఒకటే. రెండింటికీ పనిచేసేది దొరికితే ఇంక మంచిది.

ఇప్పుడు అసలు సంగతి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే ల్యాప్‌టాప్‌లు చాలా వాటిల మనం ఏం చెయ్యకుండనే డిస్క్‌కి తాళం పడి ఉంటది. అదే బిట్‌లాకర్. వేరే మిషన్‌కి పెట్టంగనే 48 అంకెల రికవరీ కీ అడుగుతది. ఫోన్‌లనే మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్‌ల ఈ ల్యాప్‌టాప్ పేరు కింద ఆ కీ ఉందా చూసుకోండి. స్క్రీన్ మీద అడిగే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు, అకౌంట్‌ల ఉన్న ఐడీ కలవాలె. కీ ఉంటే కాగితం మీద రాసి పెట్టండి.

కీ దొరకకపోతే మాత్రం బోర్డు మార్పుకి ఒప్పుకోవద్దు. తాళం ఇప్పే రహస్యం పాత బోర్డు మీదనే, టీపీఎం అనే భద్రతా భాగంల ఉంటది. కొత్త బోర్డు వేసినరంటే ఆ డేటా ఇంక ఎవరికీ రాదు. పాత బోర్డుని బాగు చేయించుకోవుడే అప్పుడు ఒక్క తొవ్వ. బయోస్ చిప్పుల వేరే ఫైలు రాసినా గట్లనే తాళం పడొచ్చు, అందుకే పాత బయోస్ కాపీ తీసి దాచి ఉంచమని ముందే చెప్పాలె.


బెజవాడ_బెంచి

అందరికీ థ్యాంక్స్ అండి. అన్నీ వరసగా చేశాను.

బ్యాటరీ పీకి 30 సెకన్లు నొక్కినా ఫలితం లేదు. బ్యాటరీ ఉబ్బలేదు. ఛార్జర్ 19.6 వోల్టులు. పిన్ను ల్యాప్‌టాప్‌లో పెట్టగానే ఛార్జర్ లైటు ఆరిపోతోంది, బ్యాటరీ ఉన్నా లేకపోయినా అంతే. జాక్ కేబుల్‌ని బోర్డు నుంచి పీకి ఛార్జర్ పెడితే లైటు వెలుగుతూనే ఉంది, కేబుల్ చివర 19.6 వస్తోంది.

ఛార్జరూ బ్యాటరీ తీసేశాక బోర్డు మీద జాక్ కనెక్టర్ దగ్గర ప్లస్‌కీ గ్రౌండ్‌కీ (మైనస్) మధ్య ఓమ్స్‌లో కొలిచాను. 0.8 వస్తోంది. ప్రోబ్‌లు రెండూ ఒకదానికొకటి తాకిస్తేనే 0.4 చూపిస్తోంది.

రికవరీ కీ అకౌంట్‌లో దొరికింది, రాసుకున్నాను. ఎస్‌ఎస్‌డీ తీసి పక్కన పెట్టాను.

వీడియోల్లో వోల్టేజి ఇంజెక్ట్ చేసి వేడెక్కిన పార్టు కనిపెడుతున్నారు. నేను చేయొచ్చా?


చిప్‌లెవల్_సికింద్రాబాద్

చక్కగా కొలిచారు. జాక్ కేబుల్ పీకి వేరుగా చూడటం వల్లే సంగతి తేలింది. ప్రోబ్‌ల 0.4 తీసేస్తే అసలు షార్ట్ 0.4 ఓమ్స్. బాగున్న బోర్డులో అక్కడ వేల ఓమ్స్‌లో రావాలి. మీకున్నది ఇన్‌పుట్ షార్ట్, బోర్డు మీద వచ్చే కంప్లయింట్లలో తేలిగ్గా తెగే రకం. 14,500 పెట్టాల్సిన జబ్బు కాదు.

ఎందుకో చెప్తాను. జాక్ నుంచి వచ్చిన 19 వోల్టులు ముందు కొన్ని చిన్న సెరామిక్ కెపాసిటర్లని, చాలా బోర్డుల్లో ఒక ప్రొటెక్షన్ డయోడ్‌ని దాటి, రెండు మాస్‌ఫెట్ల దగ్గరికి వస్తాయి. మాస్‌ఫెట్లంటే ఎనిమిది కాళ్ళ నల్లటి చదరపు ముక్కలు, గేటు మనుషుల్లాంటివి అనుకోండి. ఛార్జింగ్ ఐసీ (ఛార్జింగ్‌ని నడిపే చిప్పు) సరే అంటేనే గేటు తెరుచుకుని వోల్టేజి లోపలి మెయిన్ లైనుకి వెళ్తుంది. అక్కణ్ణుంచి 3.3, 5 వోల్టుల లైన్లు పుడతాయి. కంట్రోలర్ చిప్పు లేచేది వాటి మీదే. పవర్ బటన్ నొక్కాక ర్యామ్‌కి డీడీఆర్4 అయితే 1.2 వోల్టులు, చివర్లో ప్రాసెసర్‌కి ఒక వోల్టు అటూఇటూ వెళ్తాయి.

మీ షార్ట్ జాక్ కనెక్టర్ దగ్గరే కనబడుతోంది. అంటే గేటుకి ఇవతలే ఉండటానికి ఎక్కువ అవకాశం. ఒక కెపాసిటర్, లేదా ఆ డయోడ్, లేదా మొదటి మాస్‌ఫెట్ లోపల అతుక్కుపోయి ఉంటుంది. సెరామిక్ కెపాసిటర్ పోతే ఓపెన్ అవడం (లోపల తెగిపోవడం) కంటే షార్ట్ అవడమే ఎక్కువ. కరెంటు తిరిగి వచ్చినప్పుడు వచ్చే స్పైక్ ముందు తగిలేదీ వీటికే. లోపలి చిప్పుల దాకా వెళ్ళకపోయి ఉంటే అదృష్టమే. ఒక్క అనుమానం మాత్రం ఉంచుకోవాలి. మాస్‌ఫెట్లు రెండూ అతుక్కుపోయి, మెయిన్ లైన్లో షార్ట్ ఉంటే దాన్నే ఇక్కడి నుంచి మనం చూస్తూ ఉండొచ్చు. మాస్‌ఫెట్ల అవతల కూడా కొలిస్తే తెలుస్తుంది. అక్కడ వేలల్లో వస్తే లోపల శుభ్రం.

ఇంజెక్షన్ గురించి. ఇంట్లో వద్దు. అది చేయాలంటే వోల్టేజినీ కరెంటునీ రెండింటినీ బిగించగల బెంచి సప్లై కావాలి. పద్ధతి ఏమిటంటే 1 వోల్టు పెట్టి, కరెంటు 2, 3 యాంపులకి లిమిట్ చేసి, షార్ట్ అయిన లైనుకి ఇస్తారు. పోయిన పార్టు మాత్రమే వేడెక్కుతుంది. థర్మల్ కెమెరాలో చూస్తారు. లేకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూస్తే, వేడెక్కిన పార్టు మీద తడి ముందు ఆరిపోతుంది. ఆ పార్టు తీసి మళ్ళీ కొలిస్తే షార్ట్ పోయి ఉండాలి. ల్యాప్‌టాప్ ఛార్జర్‌నో మొబైల్ ఛార్జర్‌నో వైర్లు కోసి పెట్టే వీడియోలు చూసి చేయకండి. మల్టీలేయర్ బోర్డులో లోపలి ట్రాకు కాలితే పైకి ఏమీ కనబడదు, ఆ బోర్డు ఇక బాగవదు. పొరపాటున ప్రాసెసర్ లైనుకి ఎక్కువ వోల్టేజి తగిలితే అంతటితో సరి.

ఇంకో సంగతి చెప్పి తీరాలి, దీని మీదే చాలా బోర్డులు చెత్తబుట్టలోకి పోతున్నాయి. ప్రాసెసర్ పక్కన వరసగా ఉండే బూడిద రంగు కాయిల్స్ దగ్గర మీటర్ పెడితే గ్రౌండ్‌కి కొన్ని ఓమ్స్, ఒక్కోసారి అంతకన్నా తక్కువే వస్తుంది. మీటర్ బజర్ కూడా మోగుతుంది. అది షార్ట్ కాదు. ప్రాసెసర్ స్వభావమే అంత. బజర్ పెట్టి ‘ప్రాసెసర్ షార్ట్ ఉంది సర్’ అని చూపిస్తే నమ్మకండి. బజర్ మోడ్‌లో కాకుండా ఓమ్స్‌లో అంకె చూపించమనండి, అదే మోడల్ మంచి బోర్డులో ఎంత రావాలో అడగండి.


హార్డ్‌వేర్_ఖమ్మం

నేను కాస్త వేరేగా చెప్తాను. చిప్ లెవెల్, అంటే బోర్డు మీద పోయిన పార్టు మాత్రమే మార్చే రిపేరు, అన్నిసార్లూ నిలబడదు. మూడు నెలలకి మళ్ళీ వస్తే ఏం చేస్తారు? ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన వాడిన బోర్డు 6,000 నుంచి దొరికే మోడళ్ళు ఉన్నాయి. అది వేసుకుంటే ఒక గంట పని.


చిప్‌లెవల్_సికింద్రాబాద్

ఏ జబ్బుకి చిప్ లెవెల్ అన్నది చూడాలండి. నిలబడనివి ఏవంటే, గ్రాఫిక్స్ చిప్పునో ప్రాసెసర్‌నో హీట్ గన్‌తో వేడి చేసి ‘రీఫ్లో’ పేరుతో ఇచ్చేవి. లోపలి బంధం మళ్ళీ వదులైపోతుంది, వారాల్లోనే తిరిగొస్తుంది. నీళ్ళు పడి, తుప్పు చిప్పుల కింద దాకా వెళ్ళినవి కూడా అంతే. పైపైన కడిగి ఇస్తే నెల రోజుల్లో ఇంకో లైను తెగుతుంది. కెపాసిటర్, మాస్‌ఫెట్, జాక్, ఛార్జింగ్ ఐసీ లాంటివి సరిగా మారిస్తే మిగతా బోర్డు ఎంత కాలం ఉంటుందో అవీ అంత కాలం ఉంటాయి.

వాడిన బోర్డు తప్పని నేను అనను. అయితే దాని చరిత్ర మనకి తెలియదు. అదీ ఒకసారి రిపేరైందే అయుండొచ్చు. ర్యామ్ బోర్డు మీదే సోల్డర్ చేసిన మోడళ్ళలో 4 జీబీదో 8 జీబీదో చూసి తెచ్చుకోవాలి. ప్రాసెసర్ కూడా బోర్డుతోపాటే వస్తుంది, ఐ5 స్థానంలో ఐ3 రాకుండా చూసుకోవాలి. విండోస్ యాక్టివేషన్ బోర్డుకి ముడిపడి ఉంటుంది. ఆ బోర్డు ఏదైనా ఆఫీసుదైతే బయోస్ పాస్‌వర్డ్ ఉండి లాక్ అయి రావచ్చు. వీళ్ళ కేసులో పాత బోర్డు ఇన్‌పుట్ షార్ట్‌తో ఉన్నప్పుడు వాడిన బోర్డు వైపు వెళ్ళడానికి కారణం నాకు కనిపించడం లేదు.


సర్వీస్_డెస్క్_హైద్

షాపుకి వెళ్ళినప్పుడు ఏం అడగాలో నేను చెప్తాను.

ఊళ్ళో ‘సేల్స్ అండ్ సర్వీస్’ బోర్డు ఉన్న చాలా షాపులు విండోస్ వేయడం, స్క్రీన్ మార్చడం వరకే చేస్తాయి. బోర్డు వస్తే వేరే చోటికి పంపించి మధ్యలో మార్జిన్ వేసుకుంటాయి. మీకు కావాల్సింది బెంచి మీద డీసీ సప్లై, హాట్ ఎయిర్ స్టేషన్, మైక్రోస్కోపు ఉన్న చోటు. అవి కంటితో చూసి ఇవ్వండి. హైదరాబాద్ వైపు వచ్చే పని ఉంటే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని సీటీసీ, అంటే చినాయ్ ట్రేడ్ సెంటర్, చుట్టుపక్కల బోర్డు పని చేసేవాళ్ళు గుంపుగా ఉంటారు. ఒకరి మాటని పక్కనే ఇంకొకరి దగ్గర సరిచూసుకోవచ్చు.

ఇచ్చేముందు ర్యామ్, బ్యాటరీ, వైఫై కార్డు స్టిక్కర్లని సీరియల్ నంబర్లు కనబడేలా ఫోన్‌తో ఫొటోలు తీయండి, బోర్డు మొత్తానికి కూడా ఒక ఫొటో. ఎస్‌ఎస్‌డీ ఇవ్వకండి. విండోస్ పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వకండి, ఈ పనికి దానితో అవసరం లేదు. జాబ్ షీట్ మీద ‘ఛార్జర్ ఇన్‌పుట్ దగ్గర షార్ట్, 0.4 ఓమ్స్’ అని రాయించండి. ఉత్త ‘డెడ్’ అని రాస్తే రేపు ఏం బాగు చేశారో ఎవరికీ తెలియదు.

రేటు ముందే మాట్లాడుకోండి. చూడ్డానికి ఎంత, బాగవకపోతే ఎంత, బాగైతే గరిష్ఠంగా ఎంత. ఈ రకం పనికి నేను చూసే రేట్లు 1,500 నుంచి 3,500 మధ్య ఉంటాయి, మోడల్‌ని బట్టీ ఊరిని బట్టీ మారతాయి. ఫోన్ చేసి మీ అనుమతి తీసుకోకుండా బోర్డు మార్చకూడదని చెప్పండి. తీసేసిన పార్టు చిన్న కవర్లో వేసి ఇవ్వమనండి, గట్టి పనివాళ్ళు అడగకుండానే ఇస్తారు. వారంటీ నెలా, మూడు నెలలా అన్నది బిల్లు మీద రాత రూపంలో ఉండాలి.

కంపెనీ సర్వీసు సెంటర్లలో బోర్డు రిపేరు మామూలుగా చేయరు, మొత్తం బోర్డే మారుస్తారు. వారంటీలో ఉన్నవాళ్ళు మాత్రం బయట ఎక్కడా మూత తీయించకుండా అక్కడికే వెళ్ళాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. షాపైనా కంపెనీ అయినా బిల్లు ఇచ్చి మోసం చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. బిల్లు లేకపోతే అక్కడ చెప్పుకోవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.


బెజవాడ_బెంచి

అప్‌డేట్ అండి. బోర్డు పని చేసే చోటు ఒకటి దొరికింది. వాళ్ళు నా ముందే కొలిచారు. మాస్‌ఫెట్ల అవతల షార్ట్ లేదు. జాక్ పక్కనున్న కెపాసిటర్ ఒకటి, మొదటి మాస్‌ఫెట్ పోయాయన్నారు. రెండూ మారుస్తారు, మొత్తం 2,200, మూడు నెలల వారంటీ రాసిచ్చారు. ఎల్లుండి తీసుకోవాలి. తీసుకునేటప్పుడు అక్కడే ఏమేం చూసుకోవాలి? మళ్ళీ ఇలా కాకుండా ఇంట్లో ఏం మార్చాలి?


చిప్‌లెవల్_సికింద్రాబాద్

సరైన చోటుకే వెళ్ళారు. మాస్‌ఫెట్ మార్చాక నేరుగా ఛార్జర్ పెట్టకుండా, ముందు బెంచి సప్లై మీద 19 వోల్టులు, కరెంటు 1 యాంపుకి బిగించి ఇవ్వమని చెప్పండి, వాళ్ళూ అలాగే చేస్తారు. బ్యాటరీ లేకుండా, ఆన్ చేయకముందు ఆ మీటర్ సున్నాకి చాలా దగ్గరగా, 0.01, 0.02 లాగా చూపించాలి. బటన్ నొక్కాక అంకె పైకి వెళ్ళి, కిందికీ పైకీ ఆడుతూ ఉండాలి. ఆడకుండా ఒకే అంకె దగ్గర నిలిచిపోయి స్క్రీన్ రాకపోతే ర్యామ్ వైపో బయోస్ వైపో ఇంకో పని మిగిలి ఉంది.

ఎస్‌ఎస్‌డీ వెంట తీసుకెళ్ళి అక్కడే పెట్టించి విండోస్ దాకా వెళ్ళండి. రికవరీ కీ అడిగినా కంగారు పడకండి, రాసుకున్నది టైప్ చేయండి. బ్యాటరీ 50 శాతం లోపు ఉండేలా చూసుకుని ఛార్జర్ పెట్టి, అరగంటలో శాతం పెరుగుతోందో లేదో చూడండి. ‘ప్లగ్డ్ ఇన్’ అని చూపించి శాతం కదలకపోతే ఐడీ లైనో ఛార్జింగ్ ఐసీనో ఇంకా చూడాలి. బయోస్‌లో ఛార్జర్ వాట్లు చూపించే మోడలైతే 65 అని ఉండాలి. ఆ అరగంటా ఒక పెద్ద వీడియో నడుస్తూ ఉండనిచ్చి జాక్ దగ్గర చెయ్యి పెట్టండి. కొంచెం గోరువెచ్చగా ఉండొచ్చు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉండకూడదు. ఒకసారి స్లీప్‌లో పెట్టి లేపండి, ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి, మళ్ళీ పెట్టండి.

బోర్డు బయటికి తీసి పెట్టిన ప్రతిసారీ తప్పేవి కొన్ని ఉంటాయి. వైఫై కార్డుకి నల్లదీ తెల్లదీ రెండు సన్నటి యాంటెన్నా వైర్లుంటాయి. ఒకటి వదిలేస్తే రౌటర్ పక్కన బాగానే ఉండి, పక్క గదిలోకి వెళ్ళగానే సిగ్నల్ పడిపోతుంది. అందుకే వాళ్ళ షాపు వైఫై కాకుండా మీ ఫోన్ హాట్‌స్పాట్ దూరంగా పెట్టి చూడండి. కీబోర్డులో ప్రతి కీ, టచ్‌ప్యాడ్, రెండు స్పీకర్లు, కెమెరా, అన్ని యూఎస్‌బీ పోర్టులు ఒక్కోసారి పరీక్షించండి. హీట్‌సింక్ తీసి ఉంటే థర్మల్ పేస్టు కొత్తది వేశారా అని అడగండి. పాత ఎండిన పేస్టు మీదే బిగిస్తే ప్రాసెసర్ ముందుకన్నా వేడెక్కుతుంది. స్క్రూలు లెక్కపెట్టండి, మీరు గీసిన కాగితం ఎలాగూ ఉందిగా.

ఇంట్లో సంగతి. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల కన్వర్టర్‌తో పెట్టి ఉంటే తీసేయండి, ఎర్తు తెగిపోతుంది. మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందంటే ఎర్తు లేదని అనుమానించండి. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించుకోండి, ఎర్తు సరిగా లేని ఇంట్లో స్పైక్ గార్డు తన పని పూర్తిగా చేయలేదు. స్పైక్ గార్డులో స్పైక్‌ని మింగే వేరిస్టర్ అనే పార్టు ప్రతి స్పైక్‌కీ కొంచెం కొంచెం అరుగుతుంది, ప్రొటెక్షన్ లైటు ఆరిపోతే స్విచ్చు పనిచేస్తున్నా గార్డు మార్చాలి. కరెంటు వచ్చీపోయీ ఆడుతున్నప్పుడు ఛార్జర్ గోడ దగ్గర పీకేసి, స్థిరంగా వచ్చి ఐదు నిమిషాలయ్యాక పెట్టండి, ఆ కాసేపు బ్యాటరీ చూసుకుంటుంది. ఇన్వర్టర్ ఉంటే సైన్ వేవ్‌దో కాదో చూడండి, స్క్వేర్ వేవ్ మీద ఛార్జర్ గుయ్యిమంటూ వేడెక్కుతుంది.

ఆ పాత ఛార్జర్‌నీ ఒకసారి చూపించుకోండి. 19.6 వోల్టులు ఖాళీగా కొలిచినప్పటిది. లోడ్ మీద, అంటే ల్యాప్‌టాప్ ఆన్ అయి బ్యాటరీ ఎక్కుతున్నప్పుడు, అది బాగా కిందికి జారుతుంటే అదే స్పైక్‌లో ఛార్జర్ కూడా దెబ్బతిని ఉండొచ్చు, మార్చేయండి.